ఉక్కులో కలిపే మూలకాలు ఏం చేస్తాయి? టెస్ట్ సర్టిఫికెట్ చదివి సరైన ఉక్కును ఎంచుకునేందుకు సమగ్ర మార్గదర్శి

ఉక్కు కొనేటప్పుడు మన వర్క్‌షాపుల్లో తరచుగా వినిపించే ప్రశ్న, ఇందులో క్రోమియం ఎంత, నికెల్ ఎంత అన్నది. ఆ ప్రశ్న అవసరమే, కానీ దానితోనే ఆగిపోతే ఉక్కు గుణం తెలియదు. డైల తయారీకి వాడే డీ2 ఉక్కులో క్రోమియం 11 నుంచి 13 శాతం దాకా ఉంటుంది. స్టెయిన్‌లెస్ వర్గానికి చెందిన 410 గ్రేడులోనూ దాదాపు అంతే ఉంటుంది. అయినా వానాకాలపు తడికి డీ2 తుప్పు పడుతుంది, 410 చాలావరకు తట్టుకుంటుంది. డీ2లో కార్బన్ సుమారు 1.5 శాతం ఉండటం వల్ల క్రోమియంలో పెద్ద భాగం ఆ కార్బన్‌తో కలిసి గట్టి కార్బైడ్ రేణువులుగా మారిపోతుంది. ఉపరితలాన్ని కాపాడే సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడాలంటే ఇనుములో కరిగి ఉన్న క్రోమియం కావాలి, కార్బైడ్‌లో చిక్కుకున్న క్రోమియం అందుకు పనికిరాదు. 410లో కార్బన్ 0.15 శాతానికి మించదు కాబట్టి అందులోని క్రోమియంలో ఎక్కువ భాగం ఇనుములోనే కరిగి ఉంటుంది.

అందుచేత ఒక మూలకం ఎంత ఉందన్నదానితో పాటు, అది ఉక్కులో ఎక్కడ చేరింది, దాన్ని అక్కడికి చేర్చిన వేడి ఏమిటి అని కూడా అడగాలి. ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు, లేతు షాపుల వారికి, క్రషర్లలోనూ జిన్నింగ్ మిల్లుల్లోనూ రైస్ మిల్లుల్లోనూ యంత్రాల బాగోగులు చూసేవారికి ఉపయోగపడేలా, ఆ ప్రశ్న వేసుకునే పద్ధతిని ఇక్కడ మెట్టు తరువాత మెట్టుగా వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: ఆ భాగం ఎలా పాడవుతుందో ముందు రాసుకోండి

బలమైన ఉక్కు కావాలి అని చెప్పడం వల్ల ఎంపిక సాధ్యం కాదు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ పగలగొట్టే క్రషర్‌లో దవడ పలకకు పెద్ద దెబ్బలూ తగులుతాయి, రాపిడీ తగులుతుంది. నల్లరేగడిలో తిరిగే రోటవేటర్ బ్లేడు రాపిడికి అరిగిపోతుంది, మట్టిలో రాయి తగిలితే విరగకుండా ఉండాలి. పత్తి జిన్నింగ్ మిల్లులోని షాఫ్టు లక్షలసార్లు అటూ ఇటూ మెలిపడి, కీ గాడి మూల దగ్గర మొదలైన చిన్న పగులు పెరిగి విరుగుతుంది. రామగుండం లాంటి థర్మల్ కేంద్రంలో సూపర్‌హీటర్ గొట్టం సుమారు 540 డిగ్రీల సెల్సియస్ ఆవిరిని ఏళ్ల తరబడి మోస్తూ, విరగకుండానే మెల్లగా సాగిపోతుంది. దీన్నే క్రీప్ అంటారు. రైస్ మిల్లులో బాయిల్డ్ బియ్యం తయారుచేసే తొట్టికి వేడి, తడి కలిసిన తుప్పే ప్రధాన శత్రువు.

ఈ అయిదింటికీ అయిదు వేర్వేరు ఉక్కులు కావాలి. ఒకదానికి మంచి చేసిన మూలకం మరొకదానికి అనవసరపు ఖర్చు అవుతుంది, కొన్నిసార్లు హాని కూడా చేస్తుంది. పాత భాగం దొరికితే విరిగిన ముఖాన్ని జాగ్రత్తగా చూడండి. గవ్వ మీది గీతల్లా వంపు తిరిగిన చారలు కనిపిస్తే అది అలసట వల్ల వచ్చిన పగులు. గరుకుగా మెరుస్తూ, ఎక్కడా వంగిన గుర్తు లేకుండా ఉంటే అది పెళుసుగా విరిగింది.

రెండవ మెట్టు: సర్టిఫికెట్‌లో మొదట కార్బన్ చూడండి

మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్‌లో హీట్ నంబరు (ఒకే విడతలో కరిగించిన ఉక్కుకు ఇచ్చే గుర్తింపు సంఖ్య), దాని పక్కన మూలకాల శాతాలు, కింద బలం, సాగే గుణం, గట్టిదనం లాంటి పరీక్షల ఫలితాలు ఉంటాయి. చూపు ముందుగా కార్బన్ మీద నిలవాలి, ఎందుకంటే నీటిలోనో నూనెలోనో చల్లార్చిన ఉక్కుకు వచ్చే గరిష్ఠ గట్టిదనాన్ని దాదాపు పూర్తిగా నిర్ణయించేది అదే. చల్లార్చినప్పుడు ఏర్పడే మార్టెన్‌సైట్ అనే నిర్మాణం, కార్బన్ 0.2 శాతం ఉంటే రాక్‌వెల్ సీ స్కేలుపై సుమారు 45 దగ్గర, 0.4 శాతం ఉంటే 57 దగ్గర, 0.6 శాతం ఉంటే 64 దగ్గర ఆగుతుంది. అంతకు మించి కార్బన్ పెంచినా గట్టిదనం పెద్దగా పెరగదు. రాపిడిని తట్టుకునే కార్బైడ్లు మాత్రం పెరుగుతాయి, పెళుసుదనమూ పెరుగుతుంది.

నెమ్మదిగా చల్లారిన ఉక్కులో కథ వేరు. అక్కడ మెత్తని ఫెర్రైట్ (దాదాపు శుద్ధమైన ఇనుము), ఇనుము–కార్బైడ్ పొరలు కలిసిన పెర్లైట్ పక్కపక్కన ఉంటాయి. కార్బన్ సుమారు 0.77 శాతానికి చేరితే మొత్తం పెర్లైట్ అవుతుంది. 727 డిగ్రీల పైన ఈ పెర్లైట్ ఆస్టెనైట్‌గా, అంటే కార్బన్‌ను ఎక్కువగా కరిగించుకోగల నిర్మాణంగా, మారడం మొదలవుతుంది, అక్కడే వేడి చికిత్సకు పునాది పడుతుంది.

మన లేతు షాపుల్లో ఎక్కువగా వాడే ఈఎన్-8 (ఈఎన్ అన్నవి పాత బ్రిటిష్ గ్రేడు పేర్లు) లోనూ, అంతకంటే చాలా ఖరీదైన ఈఎన్-24 లోనూ కార్బన్ ఇంచుమించు ఒకటే, 0.4 శాతం. పలుచని ముక్కను సరిగ్గా చల్లారిస్తే రెండింటికీ దాదాపు ఒకే గట్టిదనం వస్తుంది. మరి ఈఎన్-24 లో ఉన్న 1.5 శాతం నికెల్, 1.2 శాతం క్రోమియం, 0.3 శాతం మాలిబ్డినం ఏ పని చేస్తున్నాయి? ఈ ప్రశ్నకు జవాబు అయిదవ మెట్టులో వస్తుంది.

భారతీయ ప్రమాణాల పేర్లు చదవడం ఇక్కడే నేర్చుకుంటే మంచిది. 40సీ8 అంటే 0.40 శాతం కార్బన్, 0.8 శాతం మాంగనీస్ ఉన్న సాదా కార్బన్ ఉక్కు, అంటే మనం ఈఎన్-8 అని పిలిచేదానికి సమీపమైనది. 40సీఆర్4ఎంవో3 అన్న పేరులో క్రోమియం పక్కనున్న అంకెను 4తో, మాలిబ్డినం పక్కనున్న అంకెను 10తో భాగించాలి. అప్పుడు 1 శాతం క్రోమియం, 0.3 శాతం మాలిబ్డినం అని తేలుతుంది. అది ఈఎన్-19కి సమీపం. నికెల్, మాంగనీస్, సిలికాన్, టంగ్‌స్టన్‌లకూ భాగించాల్సింది 4తోనే. వెనేడియం, టైటానియం, అల్యూమినియం, రాగికి 10తో భాగించాలి.

మూడవ మెట్టు: ప్రతి మూలకం ఎక్కడికి వెళుతుందో గుర్తించండి

ఉక్కులోకి వచ్చిన మూలకానికి ఉండే చోట్లు మూడు. మొదటిది, ఇనుము స్ఫటికంలోనే కరిగి ఉండటం. నికెల్, సిలికాన్, రాగి, అల్యూమినియం, కోబాల్ట్ ఇలా ఉంటాయి, కార్బన్‌తో కలవడానికి ఇష్టపడవు. రెండవది, కార్బన్‌తో కలిసి కార్బైడ్‌గా మారడం. టైటానియం, నియోబియం, వెనేడియం ఇందులో అందరికంటే బలమైనవి, తరువాత టంగ్‌స్టన్, మాలిబ్డినం, ఆ తరువాత క్రోమియం, చివరగా మాంగనీస్ వస్తాయి. మూడవది, ఉక్కులో మిగిలిపోయిన గంధకం, ఆక్సిజన్, నైట్రోజన్‌లను పట్టుకుని చిన్న చిన్న మలినాలుగా స్థిరపడటం.

ఒకే మూలకం పరిస్థితిని బట్టి చోటు మారుతుంది. వెనేడియం ఉన్న ఉక్కును తక్కువ వేడి చేసి చల్లారిస్తే వెనేడియం కార్బైడ్లు కరగకుండా ఉండి గ్రెయిన్ (ఉక్కులోని చిన్న స్ఫటికం) పెరగకుండా అడ్డుపడతాయి. అదే ఉక్కును ఇంకా ఎక్కువ వేడి చేస్తే ఆ కార్బైడ్లు కరిగి ఆస్టెనైట్‌లోకి చేరి, తరువాత టెంపరింగ్‌లో (చల్లార్చిన ఉక్కు పెళుసుదనం తగ్గడానికి దాన్ని తిరిగి కొంత వేడి చేయడంలో) మళ్లీ అతి సన్నగా వెలువడి గట్టిదనాన్ని నిలబెడతాయి. సర్టిఫికెట్‌లోని శాతం రెండు సందర్భాల్లోనూ ఒకటే.

ఇంకొక విభజన కూడా గుర్తుంచుకోవాలి. నికెల్, మాంగనీస్, నైట్రోజన్, రాగి ఆస్టెనైట్‌ను నిలబెట్టేవి. క్రోమియం, మాలిబ్డినం, సిలికాన్, వెనేడియం ఫెర్రైట్‌ను నిలబెట్టేవి. స్టెయిన్‌లెస్ ఉక్కుల కుటుంబమంతా ఈ రెండు పక్షాల మధ్య తూకం మీదే నడుస్తుంది.

నాల్గవ మెట్టు: మూలకాలను ఒక్కొక్కటిగా చదవండి

మాంగనీస్ దాదాపు ప్రతి ఉక్కులోనూ ఉంటుంది. దాని మొదటి పని గంధకాన్ని పట్టుకోవడం. మాంగనీస్ లేకపోతే గంధకం ఇనుముతో కలిసి, సుమారు 988 డిగ్రీల వద్దే కరిగిపోయే పొరగా గ్రెయిన్ల మధ్య చేరుతుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి సుత్తెతో కొట్టగానే అలాంటి ముక్క పగిలిపోతుంది. మాంగనీస్ ఉంటే గంధకం మాంగనీస్ సల్ఫైడుగా మారి ప్రమాదం తొలగుతుంది. రెండవ పని, చల్లార్చినప్పుడు ఉక్కు గట్టిపడే లోతును పెంచడం, అదీ చౌకగా. అయితే మాంగనీస్ ఎక్కువైన ఉక్కు నీటిలో చల్లార్చినప్పుడు పగలడానికి సిద్ధంగా ఉంటుంది.

11 నుంచి 14 శాతం మాంగనీస్, సుమారు 1.2 శాతం కార్బన్ కలిపితే పూర్తిగా వేరే లోహం వస్తుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కు చెందిన రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1882లో కనుగొన్న ఈ ఉక్కే మన క్రషర్ దవడ పలకల్లోనూ, రైల్వే క్రాసింగుల్లోనూ కనిపిస్తుంది. దీన్ని సుమారు 1050 డిగ్రీల వరకు వేడి చేసి నీటిలో ముంచితే, మామూలు ఉక్కుకు భిన్నంగా, మెత్తబడి దెబ్బకు తాళే గుణం పొందుతుంది. గది వేడి వద్ద కూడా ఆస్టెనైట్‌గానే ఉండటం వల్ల అయస్కాంతం అంటదు. దెబ్బలు పడేకొద్దీ ఉపరితలం బ్రినెల్ అనే మరో గట్టిదనపు కొలతలో సుమారు 200 నుంచి 500 దాకా గట్టిపడుతుంది, లోపలి భాగం మాత్రం సాగే గుణంతోనే ఉంటుంది.

ఇక్కడ క్రషర్ యజమానులు గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ ఉక్కు దెబ్బలతోనే గట్టిపడుతుంది. పెద్ద రాయి పగిలే ప్రాథమిక క్రషర్‌లో ఇది అద్భుతంగా పనిచేస్తుంది, కానీ ఇసుక మాత్రమే జారే చ్యూట్‌కు దీన్ని అమరిస్తే గట్టిపడే అవకాశమే రాక త్వరగా అరిగిపోతుంది. అక్కడ చల్లార్చి గట్టిపరచిన పలక గానీ అధిక క్రోమియం పోత ఇనుము గానీ మేలు. అలాగే మాంగనీస్ ఉక్కును మళ్లీ 300 డిగ్రీలకు పైగా ఎక్కువసేపు వేడి కానిస్తే కార్బైడ్లు వెలువడి పెళుసవుతుంది. కాబట్టి దీన్ని వెల్డింగ్ చేసేటప్పుడు ముందుగా వేడి చేయకూడదు. చిన్న చిన్న వరుసలుగా వేస్తూ మధ్యలో చల్లబడనివ్వాలి.

సిలికాన్ 0.15 నుంచి 0.35 శాతం వరకు ఉంటే అది ఉక్కు తయారీలో ఆక్సిజన్ తీయడానికి వేసిందే. 1.5 నుంచి 2 శాతం ఉంటే అది స్ప్రింగ్ ఉక్కు. లారీల కమాన్ పట్టీలకు వాడే ఈఎన్-45 ఈ రకానిదే. మన ఊళ్లలో కమ్మరులు కొడవళ్లకూ గొడ్డళ్లకూ పాత కమాన్ పట్టీలను ఎంచుకోవడం ఎంతో తెలివైన పని, ఎందుకంటే సుమారు 0.55 శాతం కార్బన్‌తో పదును నిలుస్తుంది, సిలికాన్, మాంగనీస్‌ల వల్ల నూనెలో చల్లార్చినా గట్టిపడుతుంది. సుమారు 3 శాతం సిలికాన్, అతి తక్కువ కార్బన్ ఉంటే అది పొలాల దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్లలో ఉండే రేకు. సిలికాన్ ఇనుము విద్యుత్ నిరోధాన్ని పెంచి, కోర్‌లో వృథాగా పుట్టే వేడిని తగ్గిస్తుంది.

క్రోమియం గురించి మొదట్లోనే కొంత చెప్పాను. 1 శాతం దగ్గర అది గట్టిపడే లోతును పెంచుతుంది. 1 శాతం కార్బన్, 1.5 శాతం క్రోమియం కలిస్తే బేరింగుల ఉక్కు అయిన ఈఎన్-31 వస్తుంది, అందులో సన్నని కార్బైడ్లు రాపిడిని ఆపుతాయి. 10.5 శాతం దాటితే, కార్బన్ తక్కువగా ఉంటే, ఆ ఉక్కు స్టెయిన్‌లెస్ వర్గంలోకి వస్తుంది. 304 గ్రేడులో 18 శాతం క్రోమియం, 8 శాతానికి పైగా నికెల్ ఉంటాయి. దీన్ని వెల్డింగ్ చేసినప్పుడు అతుకు పక్కన 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉన్న చోట కార్బన్ వెళ్లి క్రోమియంను గ్రెయిన్ల అంచుల దగ్గర పట్టుకుంటుంది. ఆ అంచుల్లో కరిగి ఉన్న క్రోమియం తగ్గిపోయి, అతుకుకు సమాంతరంగా సన్నని గీతలా తుప్పు మొదలవుతుంది. రైస్ మిల్లు తొట్టెలు వెల్డింగ్ చేయించేవారు 0.03 శాతానికి మించని కార్బన్ ఉన్న 304ఎల్ తీసుకోవాలి, లేదా టైటానియం కలిపిన 321 తీసుకోవాలి. 321లో కార్బన్‌ను టైటానియం ముందే బంధించి ఉంచుతుంది కాబట్టి క్రోమియం స్వేచ్ఛగా మిగులుతుంది.

నికెల్ ఇనుములో కరిగి ఉండి, ముఖ్యంగా చల్లని వాతావరణంలో దెబ్బకు తాళే గుణాన్ని కాపాడుతుంది. మైనస్ 162 డిగ్రీల దగ్గర ద్రవరూప సహజవాయువును నిల్వ చేసే ట్యాంకులకు 9 శాతం నికెల్ ఉక్కు వాడటానికి కారణం ఇదే. మన వేడి ప్రాంతంలో ఆ ప్రయోజనం అంతగా అక్కరకు రాదు. మనకు నికెల్ వల్ల దక్కేది గేర్లలోనూ, ఇరుసుల్లోనూ లోపలి భాగం విరగకుండా ఉండటం. 36 శాతం నికెల్ ఉన్న ఇన్వార్ వేడికి దాదాపు వ్యాకోచించదు. దాన్ని కనుగొన్న షార్ల్ గీయోమ్‌కు 1920లో భౌతిక శాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

నికెల్ ఖరీదైనది కాబట్టి దాని స్థానంలో మాంగనీస్, నైట్రోజన్ వేసి చేసిన 200 శ్రేణి స్టెయిన్‌లెస్ ఉక్కు మన గిన్నెల దుకాణాల్లో, రెయిలింగుల్లో విస్తారంగా ఉంది. 304 మాదిరిగానే దీనికీ అయస్కాంతం అంటదు. అందుచేత అయస్కాంతం అంటలేదు కాబట్టి ఇది 304 అని అమ్మేవారు చెబితే నమ్మవద్దు. ఉప్పు, పులుపు, క్లోరిన్ తగిలే చోట 200 శ్రేణి త్వరగా మచ్చలు పడుతుంది.

మాలిబ్డినం కొద్ది మోతాదులోనే పెద్ద పని చేసే మూలకం. 0.2 నుంచి 0.3 శాతం చాలు, నికెల్–క్రోమియం ఉక్కులను 375 నుంచి 575 డిగ్రీల మధ్య నెమ్మదిగా చల్లార్చినప్పుడు వచ్చే పెళుసుదనాన్ని బాగా తగ్గిస్తుంది. అధిక వేడిలో సాగిపోవడాన్ని అడ్డుకోవడంలోనూ దీనిదే ముఖ్య పాత్ర. థర్మల్ కేంద్రాల్లో 2.25 శాతం క్రోమియం, 1 శాతం మాలిబ్డినం ఉన్న పీ22 గొట్టాలు, 9 శాతం క్రోమియం, 1 శాతం మాలిబ్డినంకు వెనేడియం, నియోబియం, నైట్రోజన్ జోడించిన పీ91 గొట్టాలు వాడతారు. పీ91 బలం దానిలోని సన్నని కార్బైడ్లు, నైట్రైడ్లు ఎలా అమరాయన్నదానిపై ఉంటుంది. వెల్డింగ్ తరువాత చేయవలసిన వేడి చికిత్స తప్పితే, సర్టిఫికెట్ ఎంత మంచిదైనా గొట్టం నిలవదు. స్టెయిన్‌లెస్‌లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం వేస్తే 316 అవుతుంది, క్లోరైడ్ల వల్ల పడే గుంటలను ఇది మెరుగ్గా ఎదుర్కొంటుంది.

వెనేడియం గురించి ఉత్తర తెలంగాణ పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తయారుచేసిన ఉక్కును కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. హెన్రీ వాయ్‌సీ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఇక్కడి తయారీ విధానాన్ని చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. భారతదేశపు మూస ఉక్కుతో పశ్చిమాసియాలో డమాస్కస్ కత్తులు తయారయ్యేవి. ఆ కత్తుల మీది అలల గీతలకు కారణం, సుమారు 1.5 శాతం కార్బన్ ఉన్న ఆ ఉక్కులో కార్బైడ్లు వరుసలుగా చేరడం. లోహ శాస్త్రవేత్త జాన్ వెర్హోవెన్, కత్తుల తయారీదారు ఆల్ఫ్రెడ్ పెండ్రే చేసిన పరిశోధనల్లో, ఆ వరుసలు ఏర్పడటానికి వందో వంతు శాతం అటూ ఇటుగా ఉన్న వెనేడియం లాంటి మూలకాలు కారణమని తేలింది. ముడి ఖనిజంతో తనకు తానుగా వచ్చిన అంత చిన్న మోతాదు, పదే పదే వేడి చేసి సుత్తెతో సాగదీయడంతో కలిసి ఆ పనితనాన్ని ఇచ్చింది. కొలిమి దగ్గరి నేర్పు, ఖనిజంలోని మూలకం రెండూ కలిస్తేనే ఆ కత్తి. నేటి ఉక్కుల్లో 0.05 నుంచి 0.15 శాతం వెనేడియం గ్రెయిన్‌ను సన్నగా ఉంచి, బలాన్నీ దెబ్బకు తాళే గుణాన్నీ ఒకేసారి పెంచుతుంది.

టంగ్‌స్టన్ లేతు పనివారికి బాగా పరిచయమైనది. 18 శాతం టంగ్‌స్టన్, 4 శాతం క్రోమియం, 1 శాతం వెనేడియం ఉన్న హైస్పీడ్ ఉక్కు (కోత పనిముట్లకు వాడేది) ఒకప్పుడు ప్రామాణికం. ఇప్పుడు 6 శాతం టంగ్‌స్టన్, 5 శాతం మాలిబ్డినం ఉన్న ఎం2 ఎక్కువగా దొరుకుతుంది. సుమారు 600 డిగ్రీల వరకు ఈ ఉక్కు పదును కోల్పోదు. ఎం35లో కలిపే 5 శాతం కోబాల్ట్ ఆ వేడి తట్టుకునే గుణాన్ని ఇంకొంచెం పెంచుతుంది.

బోరాన్ మోతాదు 0.0005 నుంచి 0.003 శాతం, అంటే లక్షలో కొన్ని వంతులు. అది గ్రెయిన్ల అంచుల్లో చేరి, చల్లారేటప్పుడు అక్కడ మెత్తని ఫెర్రైట్ మొలవకుండా ఆపుతుంది. దాంతో తక్కువ ఖర్చుతో లోతుగా గట్టిపడే ఉక్కు వస్తుంది, రోటవేటర్ బ్లేడ్లు, నాగలి కర్రులు ఈ ఉక్కుతో చేస్తున్నారు. అయితే బోరాన్‌ను నైట్రోజన్ పట్టేస్తే ఫలితం ఉండదు కాబట్టి కొద్దిగా టైటానియం కూడా కలుపుతారు. కార్బన్ ఎక్కువగా ఉన్న ఉక్కుల్లో బోరాన్ ప్రభావం క్షీణించి, 0.8 శాతం కార్బన్ దగ్గర దాదాపు లేకుండా పోతుంది.

భాస్వరం చలిలో పెళుసుదనం తెస్తుంది, గంధకం వేడిలో పెళుసుదనం తెస్తుంది. ఇళ్ల నిర్మాణానికి వాడే టీఎంటీ కడ్డీల్లో వీటిపై హద్దులు ఉన్నాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్‌ఈ 500 రకంలో ఒక్కొక్కటి 0.055 శాతం దాటకూడదు, ఎఫ్‌ఈ 500డీ రకంలో 0.040 శాతం దాటకూడదు. కార్బన్ హద్దు కూడా మొదటిదానిలో 0.30, రెండవదానిలో 0.25 శాతం. వంచి కట్టే కడ్డీకి, భూకంపాన్ని తట్టుకోవలసిన కట్టడానికి 500డీ మేలనడానికి కారణం ఈ అంకెల్లో ఉంది. గంధకాన్ని కావాలని 0.2 శాతానికి పైగా వేసిన ఈఎన్-1ఏ లాంటి ఉక్కు లేతు మీద చక్కగా కోతకు వస్తుంది, కానీ దాన్ని వెల్డింగ్ చేయకూడదు.

రాగి 0.25 నుంచి 0.5 శాతం ఉంటే వాతావరణపు తుప్పును తగ్గిస్తుంది. రైలు పెట్టెల తయారీలో వాడే కోర్టెన్ ఉక్కులో ఇది క్రోమియంతో, భాస్వరంతో కలిసి పనిచేస్తుంది. పాత ఇనుము కరిగించి చేసిన ఉక్కులో మోటారు తీగల వల్ల రాగి అనుకోకుండా చేరితే మాత్రం వేడిగా సాగదీసేటప్పుడు ఉపరితలం పగులుతుంది. అల్యూమినియం కొద్దిగా ఉంటే ఆక్సిజన్ తీసి గ్రెయిన్ పెరగకుండా చూస్తుంది, 1 శాతం దగ్గర ఉంటే అది నైట్రైడింగ్ (ఉపరితలంలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచడం) కోసం చేసిన ఉక్కు అయి ఉంటుంది.

అయిదవ మెట్టు: ముక్క మందానికి తగినంత లోతు వస్తుందా లెక్క కట్టండి

ఈఎన్-8, ఈఎన్-24 ప్రశ్నకు ఇక్కడ జవాబు ఉంది. ముక్క లావైతే లోపలి భాగం నెమ్మదిగా చల్లారుతుంది. ఈఎన్-8 షాఫ్టు 60 మిల్లీమీటర్లది అయితే నీటిలో ముంచినా గట్టిదనం ఉపరితలం దగ్గరే ఆగి, లోపల పెర్లైట్, ఫెర్రైట్ మిగులుతాయి. ఈఎన్-24లోని నికెల్, క్రోమియం, మాలిబ్డినం ఆస్టెనైట్‌లో కరిగి ఉండి, కార్బన్ కదలికను ఆలస్యం చేసి, నూనెలో నెమ్మదిగా చల్లారినా ఆ మందమంతా మార్టెన్‌సైట్‌గా మారడానికి సమయం ఇస్తాయి. నూనె వాడటం వల్ల వంకర పోవడం, పగలడం కూడా తగ్గుతాయి.

ఈ లోతును అంచనా వేయడానికి గ్రాస్‌మన్ పద్ధతిలో ప్రతి మూలకానికీ ఒక గుణకం ఉంది. మాంగనీస్‌కు 1 + 3.33 × శాతం, మాలిబ్డినంకు 1 + 3.0 × శాతం, క్రోమియంకు 1 + 2.16 × శాతం, సిలికాన్‌కు 1 + 0.7 × శాతం, నికెల్‌కు 1 + 0.36 × శాతం. వీటిని కూడటం కాదు, ఒకదానితో ఒకటి హెచ్చించాలి. కార్బన్, గ్రెయిన్ సైజు ఇచ్చే మూల వ్యాసాన్ని ఈ ఫలితంతో మళ్లీ హెచ్చిస్తే అంచనా వస్తుంది.

హెచ్చించడం వల్ల వచ్చే తేడా చూడండి. 1.25 శాతం క్రోమియం ఒక్కటే వేస్తే గుణకం 3.7. అదే 1.25 శాతాన్ని 0.5 శాతం క్రోమియం, 0.25 శాతం మాలిబ్డినం, 0.5 శాతం నికెల్‌గా పంచితే 2.08 × 1.75 × 1.18, అంటే సుమారు 4.3 వస్తుంది. ఒకే మూలకాన్ని కుమ్మరించడం కంటే కొన్నింటిని కొద్ది కొద్దిగా కలపడం మేలని ఉక్కు తయారీదారులు ఎంచుకోవడానికి ఇదే కారణం. కోబాల్ట్ ఒక్కటి మాత్రం ఈ లోతును తగ్గించే మినహాయింపు.

20 మిల్లీమీటర్ల లోపు పిన్నుకు ఈఎన్-24 కొనడం డబ్బు వృథా అని నా అభిప్రాయం, చాలా సందర్భాల్లో ఈఎన్-8 సరిపోతుంది. 60 మిల్లీమీటర్లు దాటి, మెలిక, దెబ్బ రెండూ భరించే జిన్నింగ్ షాఫ్టుకు మాత్రం ఈఎన్-19 గానీ ఈఎన్-24 గానీ తీసుకోవాలి, కీ గాడి మూలలను గుండ్రంగా కోయించాలి. పదునైన మూలను వదిలేస్తే ఏ మూలకమూ కాపాడలేదు.

ఆరవ మెట్టు: వేడి చికిత్సను ఆ మూలకాలకు తగినట్టు పెట్టండి

ఈఎన్-24ను 820 నుంచి 850 డిగ్రీల మధ్య వేడి చేసి, మందానికి తగినంత సమయం ఉంచి, నూనెలో చల్లార్చాలి. గట్టిదనం, దెబ్బకు తాళే గుణం మధ్య కావలసిన తూకాన్ని బట్టి 450 నుంచి 660 డిగ్రీల మధ్య టెంపరింగ్ చేయాలి. 250 నుంచి 370 డిగ్రీల మధ్య టెంపరింగ్ చేస్తే పెళుసుదనం వస్తుంది కాబట్టి ఆ పరిధిని తప్పించండి.

మార్టెన్‌సైట్ ఏ వేడి దగ్గర మొదలవుతుందో కూడా మూలకాలే చెబుతాయి. ఆండ్రూస్ సూత్రం ప్రకారం 539 నుంచి 423 × కార్బన్, 30.4 × మాంగనీస్, 17.7 × నికెల్, 12.1 × క్రోమియం, 7.5 × మాలిబ్డినం తీసివేయాలి. 0.40 కార్బన్, 0.60 మాంగనీస్, 1.5 నికెల్, 1.2 క్రోమియం, 0.28 మాలిబ్డినం ఉన్న ఈఎన్-24కు సుమారు 308 డిగ్రీలు వస్తాయి. కరిగిన కార్బన్, మూలకాలు ఎక్కువయ్యేకొద్దీ ఈ వేడి పడిపోయి, డీ2, హైస్పీడ్ లాంటి ఉక్కుల్లో గది వేడికి చేరాక కూడా కొంత ఆస్టెనైట్ మారకుండా మిగులుతుంది. అందుకే వాటికి టెంపరింగ్ కనీసం రెండుసార్లు చేయాలి. మొదటిసారి తరువాత ఆ మిగిలినది మార్టెన్‌సైట్‌గా మారుతుంది, రెండవసారి ఆ కొత్త మార్టెన్‌సైట్ పెళుసుదనం తగ్గుతుంది. ఎం2కు సుమారు 1200 డిగ్రీల పైన వేడి కావాలి, లేకపోతే టంగ్‌స్టన్, మాలిబ్డినం కార్బైడ్లు కరగవు, 550 డిగ్రీల టెంపరింగ్‌లో రావలసిన రెండవ దశ గట్టిదనం రాదు. మామూలు కొలిమిలో అంత వేడిని నియంత్రించడం సాధ్యం కాదు, అలాంటి పని ఉప్పు స్నానం (కరిగిన ఉప్పులో ముంచి వేడి చేసే తొట్టి) గానీ వాక్యూమ్ కొలిమి గానీ ఉన్న చోట చేయించాలి.

ఏడవ మెట్టు: వెల్డింగ్ ఉంటే కార్బన్ సమానం లెక్కించండి

వెల్డింగ్‌లో పగులు వచ్చే ప్రమాదం విషయంలో ఉక్కులోని మూలకాలన్నీ కలిసి ఎంత కార్బన్‌తో సమానమో చెప్పే అంకెను కార్బన్ సమానం అంటారు. సూత్రం ఇది: కార్బన్ + మాంగనీస్ ÷ 6 + (క్రోమియం + మాలిబ్డినం + వెనేడియం) ÷ 5 + (నికెల్ + రాగి) ÷ 15. 0.18 కార్బన్, 0.80 మాంగనీస్ ఉన్న మైల్డ్ స్టీల్‌కు ఇది 0.31. ఈఎన్-8కు, మాంగనీస్ 0.75 అనుకుంటే, 0.53. పైన చెప్పిన ఈఎన్-24కు 0.90 దగ్గర.

0.40 లోపు ఉంటే మామూలు మందాల్లో ముందస్తు వేడి అక్కరలేదు. 0.40 నుంచి 0.60 మధ్య ఉంటే మందాన్ని బట్టి 100 నుంచి 250 డిగ్రీల వరకు ముందుగా వేడి చేయాలి. 0.60 దాటితే 250 నుంచి 300 డిగ్రీల ముందస్తు వేడి, 7018 లాంటి తక్కువ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్లు, పని అయిన వెంటనే కప్పి నెమ్మదిగా చల్లార్చడం అన్నీ అవసరం. మన దగ్గర వానాకాలంలో తడి పీల్చిన ఎలక్ట్రోడ్ల నుంచి వచ్చే హైడ్రోజన్ వల్ల పగులు గంటల తరువాత, ఒక్కోసారి మరునాడు బయటపడుతుంది. ఓవెన్‌లో ఎండబెట్టని 7018ను ఈఎన్-24 మీద వాడవద్దు. విరిగిన ఈఎన్-24 షాఫ్టును అతికించి నడపడం కంటే కొత్తది తిప్పించడమే సురక్షితం.

ఎనిమిదవ మెట్టు: వచ్చిన ఉక్కు అదేనా అని పరీక్షించండి

కడ్డీ చివర వేసిన రంగు గానీ అమ్మేవారి మాట గానీ చాలదు. గ్రైండర్ మీద నిప్పురవ్వలు చూడటం ఇప్పటికీ ఉపయోగకరమే. కార్బన్ ఎక్కువైతే రవ్వలు పూలలా ఎక్కువగా విచ్చుకుంటాయి, టంగ్‌స్టన్ ఉన్న హైస్పీడ్ ఉక్కులో మందమైన ఎరుపు గీతలు తప్ప పూలు దాదాపు కనబడవు. పక్కనే తెలిసిన గ్రేడు ముక్కను పెట్టి పోల్చినప్పుడే ఈ పరీక్ష నమ్మదగినది.

చేతిలో పట్టుకునే ఎక్స్‌రే పరికరం క్రోమియం, నికెల్, మాలిబ్డినంలను క్షణాల్లో చూపుతుంది కానీ కార్బన్‌ను, బోరాన్‌ను చూపలేదు. దానితో 304, 304ఎల్ మధ్య తేడా తెలియదు, ఈఎన్-8కూ మైల్డ్ స్టీల్‌కూ మధ్య తేడా కూడా నమ్మకంగా తేలదు. కార్బన్ తెలియాలంటే స్పార్క్ స్పెక్ట్రోమీటర్ ఉన్న ల్యాబ్‌లో ముక్క ఇచ్చి పరీక్ష చేయించాలి. ఖరీదైన పనికి ఆ రుసుము చాలా చిన్నది.

కడ్డీని కోసేటప్పుడు హీట్ నంబరు ముద్ర ఉన్న చివరను ఆఖరుకు మిగలనివ్వండి. అది కూడా కోయవలసి వస్తే ఆ నంబరును మిగిలిన ముక్క మీద పంచ్‌తో మళ్లీ వేయండి. ప్రతి పని నుంచి ఒక చిన్న ముక్కను, హీట్ నంబరు, చల్లార్చిన వేడి, టెంపరింగ్ వేడి, వచ్చిన గట్టిదనం రాసిన చీటీతో కలిపి దాచండి. అదే భాగం మళ్లీ చేయవలసి వచ్చినప్పుడు, లేదా విరిగి తిరిగి వచ్చినప్పుడు, ఆ ముక్కను ల్యాబ్‌కు పంపితే లోపం ఉక్కులో ఉందో వేడి చికిత్సలో ఉందో తేల్చుకోవచ్చు.